డెకాల్స్ మీద క్లియర్ కోట్: వానాకాలం విశాఖలో ఒక సుప్రా కేసు

బండి టమియా కంపెనీ ప్లాస్టిక్ మోడల్ కిట్, అసలు కారులో 24వ వంతు సైజున్న టొయోటా కాస్ట్రాల్ టామ్స్ సుప్రా. తొంభైల నాటి జపాన్ జీటీ రేసు కారు. ఈ రంగుల సుప్రాతోనే 1997లో పెడ్రో డి లా రోసా, మైకేల్ క్రుమ్ జోడీ అక్కడి ఛాంపియన్‌షిప్ గెలిచింది. మోడల్ కట్టేవాళ్లకు మాత్రం ఈ బండితో వచ్చే చిక్కు వేరు. బాడీకి పెయింట్ చేసేది తెలుపు ఒక్కటే. ఎరుపు, ఆకుపచ్చ, అక్షరాలు, నంబర్లు, స్పాన్సర్ల గుర్తులు అన్నీ డెకాల్సే. చివర్లో మెరుపు కోసం, రక్షణ కోసం రంగులేని క్లియర్ కోటు వేసేటప్పుడు చాలా చోట్ల స్ప్రే గన్ కింద ఉండేది పెయింట్ కాదు, నీళ్లలో నానబెట్టి జార్చిన పల్చటి పొర.

దీన్ని నా దగ్గరికి తెచ్చినబ్బాయిది అనకాపల్లి, ఉద్యోగం హైదరాబాద్‌లో. ఆన్‌సైట్‌కి జపాన్ వెళ్లినప్పుడు పాత స్టాకులో కొన్న కిట్ అది. తెలుపు తనే వేసుకున్నాడు, డెకాల్స్ తనే అతికించాడు. పని చాలా ఓపిగ్గా చేశాడని చూడగానే తెలుస్తోంది. క్లియర్ దగ్గరికొచ్చేసరికి ధైర్యం చాల్లేదు.

"అన్నా, ఇది పోతే ఇంకో డెకాల్ షీట్ దొరకదు. షోరూమ్ మెరుపు కావాలి, కానీ ఒక్క డెకాల్ కూడా చెడకూడదు" అన్నాడు.

"రెండూ అవుతాయి తమ్ముడూ. ఎప్పటికి ఇస్తావని మాత్రం అడక్కు" అన్నాను.

ఆ టెన్షన్‌కి కారణం కూడా ఒక డబ్బాలో పెట్టి తెచ్చాడు. అంతకుముందు కట్టిన నిస్సాన్ స్కైలైన్. దాన్ని ఒక కార్ల పెయింటింగ్ షెడ్డులో ఇచ్చి, అసలు కార్లకు వేసే 2కె క్లియర్, అంటే హార్డెనర్ కలిపి వేసే రెండు భాగాల క్లియర్ కొట్టించాడు. మెరుపు అద్భుతంగా వచ్చింది. ఆ మెరుపు కింద తలుపు మీది పెద్ద డెకాల్ మొత్తం నూనెలో వేసిన అప్పడంలా పొంగి, ముడుచుకుని ఉంది.

ముందు చెడిన బండి చూశాను

సుప్రా ముట్టుకోకముందు ఆ స్కైలైన్‌ని భూతద్దం కింద పెట్టి చాలాసేపు చూశాను. ముడతలు అన్ని చోట్లా రాలేదు. చిన్న చిన్న అక్షరాల డెకాల్స్ దాదాపు అన్నీ క్షేమంగా ఉన్నాయి. పెద్ద డెకాల్స్‌లో అంచులు గట్టిగా పట్టుకునే ఉన్నాయి, నడుమ భాగం లేచింది. ఒక డెకాల్ మీద ఇంకోటి ఎక్కిన చోట మరీ ఎక్కువ. తలుపు గీత దగ్గర డెకాల్ గాడిలోకి దిగకుండా వంతెనలా నిలబడిన చోట పగిలింది కూడా.

ఇది ఎలా జరుగుతుందో తెలియాలంటే డెకాల్ అంటే ఏమిటో ఒకసారి గుర్తుచేసుకోవాలి. వాటర్‌స్లైడ్ డెకాల్‌లో అడుగున కాగితం, దాని మీద నీళ్లలో కరిగే జిగురు, ఆ పైన పారదర్శకమైన పొర, ఆ పొర మీద సిరా. మనం కాగితం తీసేసి మిగతాది బాడీ మీదకు జారుస్తాం. కాబట్టి డెకాల్‌కీ పెయింట్‌కీ మధ్య ఉండేది పల్చటి జిగురు, దానితోపాటు పూర్తిగా బయటకు పోని కాస్త నీరు, అక్కడక్కడా గాలి.

దాని మీద థిన్నర్ ఎక్కువున్న క్లియర్ తడితడిగా పడితే, ఆ థిన్నర్ ఆవిరయ్యేలోపు డెకాల్ పొరలోకి ఇంకుతుంది. పొర మెత్తబడుతుంది, ఉబ్బుతుంది. అంచులు అతుక్కుని ఉన్నాయి గనక పక్కలకు సాగడానికి చోటు లేదు, పైకి లేస్తుంది. కింద నీరో గాలో ఉంటే లేవడం ఇంకా తేలిక. చిన్న అక్షరాలు ఎందుకు బతికాయంటే, ఉబ్బినా సాగాల్సిన దూరం చాలా తక్కువ.

చాలామంది ఇలాంటిది చూసి "2కె వేస్తే డెకాల్స్ పోతాయి" అని తేల్చేస్తారు. నేను ఒప్పుకోను. అదే 2కె తేలికపాటి పొరలతో మొదలుపెట్టి వేస్తే, వేలెడంత డెకాల్స్ మీద కూడా నిక్షేపంగా నిలుస్తుంది. ఘాటైన థిన్నర్‌తో వేసే ల్యాకర్ క్లియర్‌కైనా లెక్క ఒకటే. మొదటి కోటు ఎంత తడిగా పడింది, డెకాల్ కింద ఏం మిగిలింది, ఎక్కువగా ఈ రెండే ఫలితాన్ని నిర్ణయిస్తాయి. కారు షెడ్డులో వాళ్ల చెయ్యి అసలు కారు బానెట్‌కి అలవాటు పడింది. అక్కడ మొదటి కోటు నుంచే తడిగా కొట్టడం సరైన పద్ధతి, కింద డెకాల్ ఉండదు కదా.

ఈ కేసు మొత్తం నేను నడిపిన పద్ధతికి ఆధారం ఒక్కటే. మొదటి కోట్లు మెరుపు కోసం కాదు. డెకాల్‌కీ థిన్నర్‌కీ మధ్య అడ్డుపొర కట్టడానికి. ఆ పొర గట్టిపడ్డాకే మెరుపు గురించి ఆలోచించాలి.

టార్చ్ లైట్ పరీక్ష

గది లైటు ఆపేసి, చిన్న టార్చ్‌ని బాడీకి దాదాపు ఆనించినంత దగ్గరగా, పక్కవాటుగా పెట్టి చూడాలి. పై నుంచి చూస్తే కనిపించనివన్నీ అప్పుడు నీడలతో సహా బయటపడతాయి. సుప్రాలో ఇలా మూడు కనిపించాయి.

బానెట్ మీద డెకాల్ చుట్టూ ఎండిపోయిన జిగురు మరకలు. మామూలు వెలుతురులో తెలుపు మీద అవి ఏమాత్రం తెలియవు. క్లియర్ పడ్డాక లేత గోధుమ రంగు వలయాలై జన్మంతా ఉండిపోతాయి. గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన కాటన్ బడ్‌తో, నొక్కకుండా, డెకాల్ మధ్య నుంచి బయటికి తుడిచాను. బడ్ మారుస్తూ పోవాలి, లేకపోతే ఇక్కడి జిగురు తీసి అక్కడ పూస్తున్నట్టే.

వెనక చక్రం పైన వంపులో గాలి బుడగ. దాన్ని సన్నటి సూదితో రెండు మూడు చోట్ల గుచ్చి, డెకాల్‌ని మెత్తబరిచే మిస్టర్ మార్క్ సాఫ్టర్ ద్రవం ఒక్క చుక్క కుంచె మొనతో ఆ రంధ్రాల మీద ఉంచాను. ద్రవం తనంతట తనే లోపలికి పాకుతుంది. కాసేపటికి డెకాల్ మొత్తం ముడతలు పడి భయపెడుతుంది. ఆ సమయంలో వేలు పెట్టినవాళ్లు డెకాల్‌ని పోగొట్టుకుంటారు. వదిలేస్తే, ఆరుతూ తనే సర్దుకుని వంపుకు అతుక్కుంటుంది. అతుక్కుంది కూడా.

మూడోది తలుపు గీత. స్కైలైన్‌లో జరిగినట్టే ఇక్కడా డెకాల్ గాడి మీద వంతెనలా ఉంది. కొత్త బ్లేడుతో గీత వెంట కోసి, రెండు అంచులనూ సాఫ్టర్‌తో లోపలికి దించాను. కొత్త బ్లేడు అని ఊరికే అనలేదు. మొద్దు బ్లేడు కొయ్యదు, డెకాల్‌ని పట్టుకుని లాగుతుంది.

ఆ తర్వాత ఆరబెట్టడం. డెకాల్ పైన పొడిగా కనిపించినంత మాత్రాన కింద ఆరినట్టు కాదు. పొడి వాతావరణంలో ఒకటి రెండు రోజులు చాలు. విశాఖలో ఆగస్టులో ఆ లెక్క పనికిరాదు. గాలిలోనే అంత తేమ ఉన్నప్పుడు డెకాల్ కింది నీరు ఎక్కడికి పోతుంది? పండ్లు ఎండబెట్టే చిన్న డీహైడ్రేటర్‌లో 40 డిగ్రీల దగ్గర పెట్టి, ఆ తర్వాత సిలికా జెల్ పొట్లాలున్న మూత డబ్బాలో వారం పైనే ఉంచాను. వేడి 45 దాటనివ్వను, పల్చటి ప్లాస్టిక్ భాగాలు వంగే ప్రమాదం ఉంది. హెయిర్ డ్రయ్యర్ అసలే వద్దు, ఒకే చోట వేడి గుమ్మరించి డెకాల్‌ని పైకి లేపుతుంది.

ఏ క్లియర్, ఎందుకు

టమియా టీఎస్-13 స్ప్రే డబ్బా చాలామంది మొదట అడిగేది. మెరుపులో దానికి వంక పెట్టలేం. కానీ డబ్బా స్ప్రేలో ఎంత వదలాలన్నది మన చేతిలో ఉండదు, దాని థిన్నర్ కూడా ఘాటైంది. డెకాల్స్ మీద దాన్ని తడిగా కొట్టి ఏడ్చినవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. పైగా స్ప్రే డబ్బాలు విమానంలో పంపడానికి ఆంక్షలున్నాయి, మన దేశంలో దొరకడం కష్టం, దొరికినా ధర మండిపోతుంది.

టమియా ఎక్స్-22 లాంటి యాక్రిలిక్ క్లియర్‌ని దాని సొంత ఎక్స్-20ఏ థిన్నర్‌తో కలిపి వేస్తే డెకాల్స్‌కి దాదాపు ప్రమాదం లేదు. యుద్ధ విమానాలు, ట్యాంకులు కట్టేవాళ్లకు నేను అదే చెబుతాను. రేసు కారుకి మాత్రం గరుకు కాగితంతో రుద్ది పాలిష్ పెట్టాలి, అంత గట్టిదనం దానికి రావడం కష్టం. అడుగున యాక్రిలిక్‌ని అడ్డుగా వేసి పైన ల్యాకర్ వేసే పద్ధతి కూడా కొందరిది. మెత్తటి పొర మీద గట్టి పొర వేస్తే, పైది బిగిసేకొద్దీ కింది దాని కదలికను తట్టుకోలేక కాలక్రమంలో నెరియలు పడే అవకాశం ఉంది. అందుకే అడుగు నుంచి పై దాకా ఒకే జాతి క్లియర్ వాడడం నా పద్ధతి.

2కె గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. దాని హార్డెనర్‌లో ఐసోసయనేట్ ఉంటుంది. అది ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తుంది, ఒకసారి పడకపోవడం మొదలైతే ఆ తర్వాత కొంచెం పీల్చినా ఆస్తమా వచ్చే ప్రమాదం ఉంది. హాని చేసే మోతాదులో ఉన్నప్పుడు కూడా వాసన తగలకపోవచ్చు, కాబట్టి ముక్కును నమ్మడానికి లేదు. బయటి నుంచి మంచి గాలి అందించే మాస్కు, సరైన బూత్ లేకుండా ఇంట్లో, అందులోనూ పిల్లలు తిరిగే ఇంట్లో, దయచేసి వాడకండి. మెరుపు కోసం అంత రిస్కు అవసరం లేదు.

నేను ఎంచుకున్నది జీఎస్ఐ క్రియోస్ అనే జపాన్ కంపెనీ వాళ్ల ల్యాకర్ క్లియర్, మిస్టర్ కలర్ జీఎక్స్100 సూపర్ క్లియర్, దాంతోపాటు అదే కంపెనీ లెవెలింగ్ థిన్నర్. లెవెలింగ్ థిన్నర్‌లో ఆరడాన్ని నెమ్మది చేసే రిటార్డర్ ఉంటుంది. మెరుపు కోటుకి అది వరం. మొదటి కోట్లలో మాత్రం జాగ్రత్త, థిన్నర్ డెకాల్ మీద ఎక్కువసేపు నిలవడమే కదా మన అసలు సమస్య. అందుకని మొదటి కోట్లకు మామూలు మిస్టర్ కలర్ థిన్నర్, తర్వాతి వాటికి లెవెలింగ్ థిన్నర్ వాడాలని నిర్ణయించుకున్నాను.

షీట్‌లో వాడకుండా మిగిలిన చిన్న డెకాల్స్ ఉన్నాయి. అవి పారేయనందుకు ఆ అబ్బాయికి థాంక్స్ చెప్పాలి. ప్లాస్టిక్ స్పూన్లకు అదే తెలుపు వేసి, ఎరుపు, ఆకుపచ్చ ముక్కలు అతికించి, ఆరబెట్టి, ఒక స్పూను మీద క్లియర్ మొదటి నుంచే తడిగా కొట్టాను. ఇంకోదాని మీద పొడి కోట్లతో మొదలుపెట్టాను. తడిగా కొట్టిన స్పూను మీద ఎరుపు అంచు దగ్గర సన్నటి గులాబీ ఛాయ తెలుపులోకి పాకింది. అంటే ఈ షీట్‌లో ఎరుపు సిరా థిన్నర్‌కి కరుగుతోంది. ముడతలు పడతాయనుకున్నాను గానీ, తెల్ల బండికి దీనికన్నా ఘోరం లేదు. ముడతనైనా రుద్ది సరిచేయొచ్చేమో, తెలుపులోకి పాకిన ఎరుపును తీయడం ఎవరి తరమూ కాదు. రెండో స్పూను మీద ఎరుపు గీసినట్టు నిలిచింది.

పొడి కోట్లు

0.3 ఎంఎం నాజిల్ ఎయిర్‌బ్రష్ (పెన్నులా పట్టుకునే చిన్న స్ప్రే గన్), గాలి ఒత్తిడి 15 పీఎస్ఐ దగ్గర. క్లియర్ ఒక వంతు, థిన్నర్ ఒక వంతు. మామూలుగా పెయింట్ వేసే దూరానికి రెట్టింపు, అంటే సుమారు 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎడం. చెయ్యి ఎక్కడా ఆగకూడదు, గాలి బండి బయట మొదలై బండి బయటే ఆగాలి.

కోటు సరిగ్గా పడుతోందా లేదా అన్నది మెరుపును బట్టి కాదు, మెరుపు రాకపోవడాన్ని బట్టి చెప్పాలి. పక్కవాటు వెలుతురులో చూస్తే, డెకాల్ మీద సన్నటి ఇసుక చల్లినట్టు చుక్కలు కనిపించాలి. ఒక్కో చుక్క విడిగా ఉండాలి, పక్కదాంతో కలవకూడదు. రెండు మూడు సెకన్లలో ఆ చుక్క తడి పోవాలి. చుక్కలు కలిసి నీటి పొరలా మెరిస్తే అక్కడ థిన్నర్ నిలిచినట్టే, వెంటనే చెయ్యి ఇంకో పక్కకు పోవాలి. మనసు మాత్రం ఇంకో రౌండు కొట్టి మెరిపించమని లాగుతూనే ఉంటుంది. ఇక్కడ చాలామంది తొందరపడతారు, గరుగ్గా ఉన్న బండిని చూస్తూ ఊరుకోలేక.

మరీ దూరం నుంచి కొడితే ఇంకో తంటా. చుక్క దారిలోనే ఎండి పొడిలా పడుతుంది, దేనికీ అతుక్కోదు. గ్లవుజు వేసుకున్న వేలితో మరుగున ఉండే చోట తాకి చూస్తే పొడి రాలుతుంది. అలా రాలితే దూరం కాస్త తగ్గించాలి.

ఒక రౌండుకీ ఇంకో రౌండుకీ మధ్య ఇరవై నిమిషాలు. నాలుగైదు రౌండ్లు. డెకాల్స్ ఒకదాని మీద ఒకటి ఎక్కిన చోట్లకు, ఎరుపు అంచులకు ఒక రౌండు అదనం. ఆ తర్వాత బండిని డబ్బాలో మూసి రెండు రోజులు వదిలేశాను. ఆ రెండు రోజుల్లోనే పొరలోని మిగిలిన థిన్నర్ చాలావరకు బయటికి పోతుంది. అదే రోజు సాయంత్రం తడి కోటు కొడితే, అడ్డుపొర ఇంకా మెత్తగానే ఉంటుంది గనక అదీ డెకాలూ కలిసే కరుగుతాయి. పొడి కోట్లు వేశాం కదా అని ధైర్యంగా కొట్టి దెబ్బతిన్నవాళ్లు ఈ విరామాన్ని వదిలేసినవాళ్లే.

తడి కోటు రోజు కరెంటు పోయింది

తడి కోట్లకు క్లియర్ ఒకటికి లెవెలింగ్ థిన్నర్ ఒకటిన్నర. గదిలో ఏసీ పెట్టి తేమ 55 శాతానికి దిగాక మొదలుపెట్టాను. మొదటి కోటు మధ్యస్థంగా, రెండోది దానికన్నా కాస్త తడిగా. ఇసుక చుక్కలన్నీ కలిసిపోయి ఎరుపు ఒక్కసారిగా లోతు తేలింది. ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన క్షణం అదే.

చివరి తడి కోటు బానెట్, పైకప్పు పూర్తయి తలుపుల మీదకు వస్తుండగా కరెంటు పోయింది. ఏసీ ఆగింది. కంప్రెసర్ ట్యాంకులో మిగిలిన గాలితో తలుపులు పూర్తిచేశాను, మధ్యలో ఆపితే అతుకు కనిపిస్తుంది. బయట వాన. గదిలో తేమ పెరగడం మీటర్‌లో కళ్లముందే కనిపించింది. కాసేపటికి బానెట్ మీద పాలు కలిపినట్టు తెల్లటి మసక.

దీన్ని బ్లషింగ్ అంటారు. గాలి 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉంటే, 26 డిగ్రీలకు చల్లబడిన ఏ వస్తువు మీదైనా నీరు చేరుతుంది. థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు పై పొర నుంచి వేడి లాక్కుంటుంది. ఆ నాలుగు డిగ్రీలు తగ్గడం ఎంతసేపు? నీటి బిందువులు క్లియర్ లోపలే చిక్కుకుని వెలుతురును చెదరగొడతాయి, తెల్లగా కనిపిస్తుంది. సముద్రం పక్కన ల్యాకర్ కొట్టేవాళ్లందరికీ ఇది ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యేదే. తెల్ల బాడీ మీద వస్తే గమనించకపోయే ప్రమాదం కూడా ఉంది, ఎరుపు, ఆకుపచ్చ మీదే ముందు దొరుకుతుంది.

అలాంటప్పుడు మసక మీద ఇంకో కోటు కొట్టి కప్పేయాలనిపిస్తుంది. కప్పితే నీరు లోపలే ఖైదవుతుంది. ఏం చేయకుండా బండిని సిలికా జెల్ డబ్బాలోకి మార్చి రాత్రంతా ఉంచాను. తెల్లారేసరికి మసక చాలావరకు పోయింది, బానెట్ ముందు భాగంలో కొంచెం మిగిలింది. కరెంటు వచ్చి, ఏసీతో గది మళ్లీ పొడిబారాక, ఆ చోట లెవెలింగ్ థిన్నర్ ఒక్కటే, క్లియర్ కలపకుండా, దూరం నుంచి మంచులా పట్టించాను. పై పొర మళ్లీ కాస్త మెత్తబడి, చిక్కుకున్న నీరు బయటికి పోయి, పొర మళ్లీ సర్దుకుంది. ఎరుపు పక్కనే ఒట్టి థిన్నర్ కొట్టగలిగానంటే కింద ఆ పొడి కోట్లు ఉన్నాయనే. అవి లేకపోతే ఈ మరమ్మతుకు అవకాశమే ఉండేది కాదు, మసకతోనే బండి ఇవ్వాల్సి వచ్చేది.

రుద్దడం, పాలిష్

క్లియర్ ఆరిందా లేదా అన్నదానికి నేను వాడే పరీక్ష ముక్కు. బండిని మూత డబ్బాలో ఒక రాత్రి ఉంచి, పొద్దున మూత తీయగానే వాసన చూడాలి. థిన్నర్ వాసన కొంచెం తగిలినా ఇంకా ఆరలేదు. ఆ వాసన పోయేదాకా రెండు వారాల పైనే ఆగాను.

డెకాల్ అంచు మెట్టులా తెలియకుండా చేయడమే రుద్దడంలో ఉద్దేశం. 2000 నంబర్ నీటి కాగితం (తడిపి రుద్దే సన్నటి గరుకు కాగితం), నీళ్లలో ఒక చుక్క అంట్లు తోమే లిక్విడ్. కాగితాన్ని వేలికి కాకుండా చిన్న రబ్బరు ముక్కకు చుట్టాలి, వేలు పెడితే వేలి ఆకారంలోనే గుంట పడుతుంది. రుద్దే కొద్దీ నీరు తెల్లగా, పాలలా వస్తుంది. అది క్లియర్. ఆ తెలుపులో ఎర్రటి ఛాయ రవ్వంత కనిపించినా కాగితం పక్కన పెట్టేయాలి, సిరా దాకా వచ్చామని అర్థం. తుడిచి చూస్తే మెట్టు ఉన్నచోట రెండు పక్కలా మసకబారి, మెట్టు వెంట సన్నటి మెరుపు గీత మిగులుతుంది. ఆ గీత సన్నబడుతూ మాయమైతే చదునైనట్టు.

బానెట్ అంచులు, తలుపు గీతల మొనలు, చక్రాల పైన వంపు చివర్ల మీద క్లియర్ ఎప్పుడూ పల్చగా నిలుస్తుంది. అక్కడ ఒక్క రాపిడికే కిందిది బయటపడుతుంది. రుద్దడం మొదలుపెట్టే ముందే ఆ అంచులన్నిటికీ సన్నటి మాస్కింగ్ టేప్ అతికించాను.

అంచులు చదునయ్యాక కడిగి, ఆరబెట్టి, మళ్లీ రెండు తడి కోట్లు. ఇన్వర్టర్ ఏసీని మొయ్యలేదు గనక, ఈసారి వాన లేని పొడి మధ్యాహ్నం కోసం ఆగాను. అవి ఆరాక 3000 కాగితంతో తేలిగ్గా రుద్ది, టమియా పాలిష్ కాంపౌండ్లు కోర్స్, ఫైన్, ఫినిష్ వరసగా, ఒక్కోదానికి వేరే గుడ్డతో. పాలిష్ గురించి ఇంతకన్నా చెప్పడానికి లేదు. కింది పనులు సరిగ్గా జరిగితే అది అరపూట పని.

విమానాలు కట్టే మిత్రులు నన్ను అడిగేది వేరే ఉంటుంది. బీచ్ రోడ్డులో మ్యూజియంగా పెట్టిన టీయూ-142 విమానం ఉంది కదా, అలాంటి బూడిద రంగు మ్యాట్ విమానానికి ఇంత తతంగం అవసరమా అని. రుద్దడం, పాలిష్ అవసరం లేదు. కానీ అక్కడ అసలు పోరాటం డెకాల్ కింద చిక్కిన గాలితో. మ్యాట్ పెయింట్ గరుకు మీద నేరుగా అతికిస్తే ఆ గాలి వెండిలా మెరుస్తుంది, పైన ఎంత క్లియర్ వేసినా పోదు. కాబట్టి వాళ్లు డెకాల్‌కి ముందే ఒక నున్నటి, మెరిసే (గ్లాసీ) కోటు వేసుకోవాలి, చివర్లో మ్యాట్ వేసి ఆ మెరుపు చంపాలి. మ్యాట్ క్లియర్‌లో సన్నటి సిలికా పొడి ఉంటుంది, తేమ రోజున వేస్తే అది కూడా బూజు పట్టినట్టు తెల్లబడుతుంది. వానాకాలం జాగ్రత్త ఇద్దరికీ ఒకటే.

ఇచ్చిన తర్వాత

బండి తీసుకెళ్లేటప్పుడు ఆ అబ్బాయి గోరుతో ఎరుపు పట్టీ అంచు వెతికాడు. దొరకలేదు. "అన్నా, ఇది డెకాలా, పెయింటా?" అన్నాడు. ఏసీ గాలి నేరుగా తగలని, కిటికీ ఎండ పడని అరలో పెట్టమని, తుడవాలంటే మెత్తటి పొడి కుంచె తప్ప గుడ్డ వాడొద్దని చెప్పి పంపాను. పరీక్ష చేసిన స్పూన్లలో ఒకటి మా కిటికీ దగ్గర ఎండలో, ఇంకోటి సొరుగులో చీకట్లో పెట్టుకున్నాను. తెలుపు పసుపుబారుతోందేమో పోల్చడానికి అంతకన్నా తేలిక మార్గం లేదు.

ఒక ఎండాకాలం గడిచాక ఫొటోలు పంపాడు, తర్వాత బండే తెచ్చి చూపించాడు. మసక మళ్లీ రాలేదు, ముడత లేదు, గులాబీ ఛాయ లేదు. రెండు స్పూన్ల మధ్య తెలుపులో నా కంటికి తేడా ఇంకా తెలియడం లేదు. ఒక్కటి మాత్రం మారింది. తలుపు మీద పెద్ద డెకాల్ అంచు, ట్యూబ్‌లైట్ ప్రతిబింబం దాని మీదుగా పోయేటప్పుడు, వెంట్రుకంత గీతగా మళ్లీ తెలుస్తోంది. ల్యాకర్ పైకి ఆరిపోయినా నెలల తరబడి లోలోపల కుంచించుకుంటూనే ఉంటుంది, రుద్ది చదును చేసిన మెట్టు అలా కొంచెం తిరిగి తేలుతుంది. మళ్లీ రుద్ది, ఇంకో కోటు వేయమని అడిగాడు. వద్దన్నాను. తలుపు గీత పక్కన ఇప్పుడున్న మందం నాకు తెలుసు, అక్కడ ఇంకోసారి కాగితం పెడితే గీత పోయేలోపు ఎరుపే పోవచ్చు. ఫినిష్ కాంపౌండ్‌తో ఒకసారి పైపైన తుడిచి, అలాగే ఇచ్చేశాను.